తాళం ఎవరిది? తప్పు ఎవరిది?

ఎత్తుకుపోయిన తుపాకీ పేలితే నేరం దొంగదే. మరి దాన్ని భద్రంగా దాచాల్సిన మనిషి మాటేమిటి? ఠాణాలోని తుపాకీ మొదలు రోడ్డు మీద కరెంటు తీగ, జేబులో సిమ్ము దాకా సొంతదారు బాధ్యత మీద ఈ వారం ముఖచిత్ర కథనం.

2020 ఫిబ్రవరి మొదటి వారం. సిద్దిపేట జిల్లా అక్కన్నపేటలో ఇరుగుపొరుగు మధ్య గోడ పంచాయితీ ముదిరింది. పల్లెటూళ్లలో ఇలాంటి తగాదాలు కొత్త కాదు. నలుగురు పెద్దమనుషులు కూచుంటారు, కాదంటే కర్రలు లేస్తాయి, మరీ ముదిరితే ఠాణాకు చేరతాయి. అక్కన్నపేటలో మాత్రం ఏకే-47 పేలింది. అదృష్టం బాగుండి ఎవరికీ తూటా తగల్లేదు. కాల్చినవాడు పారిపోయాడు. కొద్దిరోజుల్లోనే దొరికాడు.

ఆ తుపాకీ ఎక్కడిదని ఆరా తీస్తే ఊళ్లన్నీ ముక్కున వేలేసుకున్నాయి. అది ఏ అడవి దళం దాచిపెట్టిన ఆయుధమో కాదు, సరిహద్దు దాటొచ్చిన సరుకూ కాదు. హుస్నాబాద్ పోలీసు ఠాణాలోంచి అంతకు కొన్నేళ్ల కిందట మాయమైన సర్కారీ తుపాకీ. ఓ గొడవ విషయంలో ఠాణాకు వచ్చిన మనిషే దాన్ని ఎత్తుకుపోయి ఇన్నేళ్లూ ఇంట్లో దాచుకున్నాడని పోలీసులే చెప్పారు. ఒక్క మ్యాగజైన్‌లో 30 తూటాలు పట్టే యుద్ధ ఆయుధం ఏళ్లకేళ్లు ఓ పల్లె ఇంట్లో ఉంది. పక్కింట్లో పిల్లలు ఆడుకుంటూనే ఉన్నారు. అది ఠాణాలో లేదన్న సంగతి చాలామందికి తెలిసింది కాల్పుల చప్పుడు విన్నాకే.

దొంగ మీద కేసు పెట్టారు, అది న్యాయం. ప్రశ్న అక్కడితో అయిపోదు. తుపాకీ ప్రభుత్వానిది. దానికో బీరువా, తాళం, రిజిస్టరు, కాపలా, రోజువారీ లెక్క ఉండాలి. ఇవన్నీ దాటుకొని అది గడప దాటిందంటే అడగాల్సినవి మూడు ప్రశ్నలు. ఎట్లా దాచారు? ఎవరి చేతికి అందనిచ్చారు? పోయిందని ఎప్పుడు చెప్పారు? ఏ వస్తువు దొంగతనమై, దానితో నేరం జరిగినా సొంతదారు బాధ్యతను తూచాల్సింది ఈ మూడు ప్రశ్నలతోనే.

కడవెండి గుర్తుంచుకున్నది

జనగామ జిల్లా కొడకండ్ల చుట్టుపక్కల నేలకు తుపాకీ కొత్త కాదు. ఇక్కడికి దగ్గర్లోని విసునూరులో దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి గడీ ఉండేది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం నిలబడింది ఆ గడీకి ఎదురుగానే. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపుగా వెళ్తున్న జనం మీద దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. తెలంగాణ సాయుధ పోరాటానికి అదే నిప్పు. తర్వాతి రోజుల్లో గడీల్లోని తుపాకులు దళాల చేతికి పోయాయి. అవే తుపాకులు, పట్టుకున్న చేతులు మాత్రం వేరు.

కడవెండిలో ట్రిగ్గర్ నొక్కింది దొర కాదు, ఆయన మనుషులు. అయినా ఊరు అడిగింది ఎవరి వేలు అని కాదు, ఎవరి తుపాకీ అని. ఎనభై ఏళ్లయినా ఆ చావు విసునూరు గడీ లెక్కలోనే ఉంది. దొంగిలించిన తుపాకీకి, దొర ఆజ్ఞతో పేలిన తుపాకీకి తేడా ఉంది. ఒకచోట ఉన్నది అజాగ్రత్త, ఇంకోచోట ఉద్దేశం. చట్టం ఆ రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. కట్టడమూ లేదు. అయితే ప్రాణం తీసే వస్తువును దగ్గర పెట్టుకున్నవాడి మీద మామూలు మనిషికన్నా ఎక్కువ భారం ఉంటుందన్న ఇంగితం ఈ ఊళ్లకు చట్టపుస్తకాలకన్నా ముందే తెలుసు.

రెండు వేల జరిమానా

మన దేశంలో తుపాకీ ఉంచుకోవడం హక్కు కాదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ప్రభుత్వం షరతులతో ఇచ్చే అనుమతి మాత్రమే. 2019 డిసెంబరులో వచ్చిన సవరణతో ఒక్కరి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. పెళ్లి బరాతుల్లో, గెలుపు సంబరాల్లో గాల్లోకి కాల్చి జనం ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి.

భద్రత మాటకొస్తే, 2016 ఆయుధాల నిబంధనలు తుపాకీని భద్రంగా దాచే ఏర్పాటు ఉందని లైసెన్సు అడిగే మనిషి చేతనే హామీ పత్రం రాయిస్తాయి. తుపాకీ గానీ తూటా గానీ పోయినా, దొంగలు ఎత్తుకుపోయినా తక్షణం దగ్గర్లోని ఠాణాలో చెప్పాలన్నది లైసెన్సు షరతు. ఆయుధాల నేరం జరిగిందని తెలిసిన ప్రతి మనిషీ, సరైన కారణం లేకుంటే, పోలీసులకు చెప్పి తీరాలని 36వ సెక్షన్ అంటుంది. అంటే పక్కింట్లో దొంగ తుపాకీ ఉందని తెలిసీ నోరు మెదపనివాడికి కూడా బాధ్యత తప్పదు. నలుగురి ఉమ్మడి స్వాధీనంలో ఉన్న ఇంట్లోనో బండిలోనో అక్రమ ఆయుధం దొరికితే, దాని సంగతి తెలుసని నమ్మడానికి ఆధారమున్న ప్రతి ఒక్కరూ, తమకు సంబంధం లేదని రుజువు చేసుకోకపోతే, ఒంటరిగా ఆ నేరం చేసినట్టే లెక్క. ఇది 35వ సెక్షన్.

ఇంతవరకు బాగానే ఉంది. లైసెన్సు షరతును తప్పితే శిక్ష ఎంతో చూడండి. 30వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్సు రద్దు చేసే అధికారమూ ఉంది. కానీ బీరువాకు తాళం వేయని నిర్లక్ష్యం వల్ల తుపాకీ దొంగ చేతికి పోయి, ఓ కుటుంబం పెద్దదిక్కును పోగొట్టుకుంటే, ఆ నిర్లక్ష్యానికి రెండు వేలతో సరిపెట్టే వీలు చట్టంలో ఉండటం దారుణం.

దీని పక్కనే మోటారు వాహనాల చట్టాన్ని పెట్టి చూడండి. 2019 సవరణలో వచ్చిన 199ఏ సెక్షన్ ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడో బండి యజమానో దోషి అవుతాడు. మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలల పాటు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. తనకు తెలియకుండా జరిగిందనో, ఆపడానికి చేయగలిగిందంతా చేశాననో యజమానే రుజువు చేసుకోవాలి. స్కూటీ తాళంచెవి విషయంలో ఇంత కఠినంగా ఉన్న చట్టం తుపాకీ బీరువా తాళంచెవి విషయంలో మెత్తబడటానికి కారణం కనిపించదు.

దొంగిలించిన కరెంటు తీసిన ప్రాణం

‘దొంగ చేశాడు, నాకేం సంబంధం’ అన్న వాదన చెల్లుతుందా? ఈ ప్రశ్నకు సుప్రీంకోర్టు సూటిగా జవాబిచ్చిన కేసు ఒకటుంది. అందులో తుపాకీ లేదు, కరెంటు తీగ ఉంది.

1997 ఆగస్టు 23 రాత్రి మధ్యప్రదేశ్‌లో 37 ఏళ్ల కార్మికుడు సైకిల్ మీద ఇంటికి బయల్దేరాడు. వాన పడి రోడ్డంతా నీళ్లు. ఆ నీళ్లలో కరెంటు పారుతున్న తీగ పడి ఉంది. చూసుకోకుండా దాని మీదికి పోయాడు, అక్కడే ప్రాణం పోయింది. భార్యాపిల్లలు పరిహారం అడిగితే విద్యుత్ బోర్డు చెప్పిన మాట, ఎవడో కరెంటు దొంగతనం చేయడానికి తీగ లాగాడు, అదే తెగిపడింది, తప్పు దొంగది, మాది కాదని. 2002లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ప్రమాదకరమైన వస్తువును సరఫరా చేసే సంస్థే దాన్ని దొంగలపాలు కాకుండా చూసుకోవాలని, మూడో మనిషి చేశాడని చెప్పి తప్పించుకోలేదని తేల్చింది. మధ్యప్రదేశ్ విద్యుత్ బోర్డు వర్సెస్ శైల్ కుమారి పేరుతో ఆ తీర్పు న్యాయశాస్త్ర విద్యార్థులందరికీ పాఠమైంది.

దీనికి పునాది అంతకుముందే పడింది. 1985 డిసెంబరులో ఢిల్లీలో శ్రీరామ్ ఫ్యాక్టరీ నుంచి ఓలియం గ్యాస్ లీకైన కేసులో, ప్రమాదకరమైన పని చేసే సంస్థ దానివల్ల కలిగే నష్టానికి పూర్తిగా బాధ్యురాలని, పాత ఇంగ్లిష్ చట్టంలోని మినహాయింపులేవీ పనికిరావని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ పాత మినహాయింపుల్లో ‘ఇతరుల చేష్ట’ కూడా ఒకటి. దొంగను అడ్డం పెట్టుకునే దారి పెద్ద సంస్థల విషయంలో ఆ రోజే మూసుకుపోయింది.

ఈ తీర్పులు మన ఊళ్లకు దూరపు ముచ్చట్లు కావు. భూపాలపల్లిలో సింగరేణి ఓపెన్ కాస్టు గనులున్నాయి. చుట్టుపక్కల జిల్లాల్లో రాయి క్వారీలున్నాయి. జిలెటిన్ స్టిక్కులు, డిటోనేటర్లు అక్కడ రోజువారీ సరుకు. 2008 పేలుడు పదార్థాల నిబంధనల ప్రకారం వాటిలో ఏ కొంచెం దొంగతనమైనా, లెక్కలో తక్కువ పడినా లైసెన్సుదారు వెంటనే పోలీసులకు, అధికారులకు చెప్పాలి. ఒక్క డిటోనేటర్ పోతే ఏమవుతుందిలే అనుకుంటే అది చెరువులో చేపలకు పేలుతుంది, అడవి పందికి పెట్టిన నాటు బాంబులో చేరుతుంది, మేతకు పోయిన బర్రె నోట్లో పేలుతుంది, ఆడుకునే పిల్లవాడి చేతిలో పేలుతుంది. భారతీయ న్యాయ సంహితలో పేలుడు పదార్థాల పట్ల నిర్లక్ష్యానికి ఉన్న శిక్ష ఆరు నెలల దాకా జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఇదీ తుపాకీ కథే.

బండి, ఫోను, ఖాతా

అందరి ఇళ్లల్లో తుపాకీ ఉండదు. బండి ఉంటుంది, ఫోను ఉంటుంది, బ్యాంకు ఖాతా ఉంటుంది. ఈ రోజుల్లో నేరాలు ఎక్కువగా నడిచేది వీటి మీదనే.

కిరాణా కొట్టు ముందు, కల్లు మండువ దగ్గర, తాళంచెవి బండికే ఉంచి లోపలికి పోయేవాళ్లను ఏ ఊళ్లోనైనా చూడొచ్చు. రెండు నిమిషాల పనే కదా అనుకుంటారు. గొలుసు దొంగలకు కావలసింది అలాంటి బండే. దొంగ బండి మీద వచ్చి మెళ్లో గొలుసు తెంపుకుపోతే సీసీ కెమెరాలో పడేది బండి నంబరు. పోలీసులు ముందు తట్టేది ఆర్సీలో పేరున్నవాడి తలుపు. బండి పోయిన రోజే ఫిర్యాదు ఇచ్చి ఉంటే ఆ కాగితమే అతన్ని కాపాడుతుంది. ‘రెండ్రోజులు వెతికి చూద్దాం, ఠాణా చుట్టూ ఎవరు తిరుగుతరు’ అనుకుంటే ఆ రెండ్రోజుల్లో జరిగిన ప్రతి నేరానికీ సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

అమ్మిన బండిదీ అదే గతి. చేతులు మారి, ఆర్సీ మారని బండి ప్రమాదం చేస్తే పరిహారం కట్టాల్సింది రిజిస్ట్రేషన్‌లో పేరున్నవాడేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అమ్మినవాళ్లు 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలని చట్టం చెప్తోంది. పత్రం మీద సంతకం పెట్టిచ్చి చేతులు దులుపుకుంటే చాలదు.

ఇంతకన్నా గుట్టుగా జరిగేది సిమ్ము, ఖాతా వ్యవహారం. బతుకుదెరువుకు సూరత్, భీవండి పోయిన నేత కుటుంబాలు, పట్నంలో కూలికి పోయినవాళ్లు తమ ఆధార్ జిరాక్సులు ఎక్కడెక్కడ ఇచ్చారో వాళ్లకే గుర్తుండదు. కొంత సొమ్ముకు ఆశపడి ఖాతానూ ఏటీఎం కార్డునూ ఇంకొకరి చేతికిచ్చే కుర్రాళ్లూ ఉన్నారు. ఆ ఖాతాలోకి ఎక్కడో ఓ పింఛనుదారు పోగొట్టుకున్న సొమ్ము వచ్చి పడుతుంది, నిమిషాల్లో వెళ్లిపోతుంది. మిగిలేది ఖాతాదారు పేరు. ఇక్కడ దొంగతనం జరగలేదు, ఇచ్చిందే తప్పు. తెలిసి ఇస్తే నేరంలో భాగస్వామే. తెలియక ఇస్తే ఆ తెలియనితనాన్ని రుజువు చేసుకోవడానికే నెలలు పడుతుంది.

మీ పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోవచ్చు. ఒక్కరి పేరున తొమ్మిదికి మించి ఉండకూడదు. మీది కానిది కనబడితే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు. ఫోను పోతే సీఈఐఆర్ పోర్టల్ ద్వారా దాన్ని పనికిరాకుండా చేయించవచ్చు. సైబర్ మోసంలో డబ్బు పోతే 1930 హెల్ప్‌లైన్‌కు ఫోను చేయాలి.

సొంతదారూ బాధితుడే

ఈ వాదనకు ఇంకో పక్క ఉంది. దాన్ని విడిచిపెడితే అన్యాయం. వస్తువు పోగొట్టుకున్నవాడు మొదట బాధితుడు. తలుపు పగలగొట్టి, బీరువా కోసి ఎత్తుకుపోతే అతడు చేయగలిగింది ఏముంటుంది? అలాంటివాణ్ణి నేరస్థుడిలా ఠాణాలో కూచోబెడితే, రేపు ఏ వస్తువు పోయినా ఎవరూ చెప్పరు. అప్పుడు లాభపడేది దొంగ ఒక్కడే.

యజమాని పేరు ఒక్కటే నేరానికి రుజువు కాదని కోర్టులు చెబుతూనే ఉన్నాయి. 2008 మాలేగావ్ పేలుళ్ల కేసులో బాంబు పెట్టారన్న మోటారు సైకిల్ చుట్టూ ఏళ్ల తరబడి విచారణ నడిచింది. దాని చాసిస్ నంబరు పూర్తిగా తేలలేదని, అది ఫలానావారి స్వాధీనంలో ఉందని రుజువు కాలేదని చెప్పి 2025 జులై 31న ప్రత్యేక కోర్టు నిందితులందర్నీ విడుదల చేసింది. ఆరుగురి ప్రాణాలు పోయిన కేసు అది. ఓ బండి ఎవరిదో, ఎప్పుడు ఎవరి చేతిలో ఉందో లెక్క సరిగా లేకపోతే నిర్దోషికీ నష్టమే, బాధితులకూ నష్టమే.

దొరికిన వస్తువు తిరిగి ఇంటికి రావడం ఇంకో యాతన. ఏ ఠాణా ఆవరణ చూసినా ఎండకు రంగు పోయి, టైర్లు నేలలోకి దిగి, సీటు చినిగి గడ్డి మొలిచిన బైకులు వరుసగా పడి ఉంటాయి. 2002లో సుందర్‌భాయి అంబాలాల్ దేశాయి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది స్పష్టంగా ఉంది. ఫొటోలు తీసి, పంచనామా రాసి, పూచీకత్తు తీసుకుని వాహనాన్ని సొంతదారుకు ఇవ్వాలి. పదిహేను రోజుల నుంచి నెలకు మించి ఠాణాలో ఉంచకూడదు. చెప్పినవాడికి తన బండి దక్కుతుందన్న నమ్మకం కలిగితేనే పోయినవాడు పరుగున వచ్చి చెప్తాడు.

బీమా సంగతీ అంతే. దొంగతనమైన వెంటనే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి, బీమా కంపెనీకి చెప్పడంలో ఆలస్యమైనంత మాత్రాన క్లెయిమును కొట్టివేయరాదని 2020 జనవరిలో గుర్‌షిందర్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ముందు ఠాణాకు పోవడమే ముఖ్యమని దాని సారం.

బయటి దేశాల పాఠం

2018 జులైలో వరంగల్ నుంచి చదువుకోవడానికి వెళ్లిన విద్యార్థి అమెరికాలోని కాన్సాస్ సిటీలో తూటాకు బలయ్యాడు. 2024 నవంబరులో ఖమ్మం యువకుడు చికాగో దగ్గర ప్రాణం పోగొట్టుకున్నాడు. పిల్లల్ని అక్కడికి పంపిన ప్రతి తెలుగు ఇంటికీ అమెరికా తుపాకుల చట్టాలు ఇప్పుడు సొంత విషయం.

ఆ దేశంలోనే ఇటీవల ఓ పెద్ద మార్పు వచ్చింది. 2021 నవంబరు 30న మిషిగన్ రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో ఓ పదిహేనేళ్ల విద్యార్థి నలుగురు తోటి విద్యార్థుల్ని కాల్చి చంపాడు. తుపాకీ కొనిచ్చింది తండ్రి. దాన్ని పిల్లవాడికి అందకుండా దాచలేదు. 2024లో తల్లినీ తండ్రినీ వేర్వేరుగా విచారించి, అజాగ్రత్తతో ప్రాణాలు పోవడానికి కారకులని తేల్చి, ఇద్దరికీ పది నుంచి పదిహేనేళ్ల జైలు వేశారు. తుపాకీ హక్కును అంతగా గుండెలకు హత్తుకున్న దేశంలో కూడా దాచని తప్పుకు శిక్ష పడింది. ఆస్ట్రేలియా 1996లో పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది బలయ్యాక తుపాకీ చట్టాలన్నిటినీ కఠినం చేసి, భద్రంగా దాచడాన్ని లైసెన్సు షరతుగా పెట్టింది. దొంగను పట్టుకోవడం ఎంత ముఖ్యమో, దొంగకు అందనివ్వకపోవడం అంతే ముఖ్యమని ఆ దేశం గ్రహించింది.

ఏం చేయాలి?

మొదటి మాట ప్రభుత్వానికి. ప్రతి ఠాణాలోని ఆయుధాల లెక్కను ఏటా బయటి అధికారులతో తనిఖీ చేయించాలి. ఒక్క తుపాకీ తగ్గినా ఆ సంగతిని ఆ ప్రాంత ప్రజలకు చెప్పాలి. పరువు పోతుందని దాచిపెడితే ప్రాణాలు పోతాయి. పౌరుడి దగ్గర హామీ పత్రం తీసుకునే పోలీసు శాఖ తానూ అదే కొలతకు నిలబడాలి. సర్కారు తుపాకీ దొంగ చేతిలో పేలి ఎవరికైనా హాని జరిగితే, దొంగ దొరికాడా లేదా అని చూడకుండా బాధితుడికి పరిహారం ముందు సర్కారే ఇవ్వాలి. కరెంటు తీగ కేసులో కోర్టు చెప్పిన సూత్రం తుపాకీకి అంతకన్నా ఎక్కువగా వర్తించాలి.

రెండో మాట చట్టం చేసేవాళ్లకు. 30వ సెక్షన్‌లోని రెండు వేల జరిమానాను ఇంకా ఉంచడం సిగ్గుచేటు. తుపాకీని, పేలుడు పదార్థాన్ని తాళం లేకుండా ఉంచినా, పోయిందని చెప్పకపోయినా 199ఏ తరహాలో శిక్ష పెట్టాలి. జాగ్రత్తపడ్డానని, పోయిన వెంటనే చెప్పానని చూపినవాడికి పూర్తి రక్షణ ఇవ్వాలి. ఈ రెండూ కలిస్తేనే చట్టం పనిచేస్తుంది.

మూడో మాట మనకు. ఎన్నికలు రాగానే లైసెన్సు తుపాకులను ఠాణాలో జమ చేయడం మనకు అలవాటే. ఆ ఎన్నికల నాటి జాగ్రత్త మిగిలిన రోజుల్లోనూ ఉండాలి. వస్తువు ఏదైనా పోతే ఆ రోజే ఫిర్యాదు ఇవ్వండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా చెప్పొచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే పై అధికారికి రాతపూర్వకంగా పంపొచ్చు, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు.

రాష్ట్రంలో మొట్టమొదటి రైతువేదిక 2020 అక్టోబరు 31న మొదలైంది కొడకండ్లలోనే. విత్తనాలు, ఎరువుల ముచ్చట జరిగే ఆ వేదిక మీదనే ఓ రోజు ఈ ముచ్చటా పెట్టాలి. తుపాకీ లైసెన్సున్నవాళ్లు, క్వారీ నడిపేవాళ్లు, బండ్లు కొని అమ్మేవాళ్లు, సిమ్ము కార్డులమ్మే దుకాణదారులు, కొడుకుకు బండి తాళమిచ్చే తండ్రులు, ఠాణా ఎస్సై అందరూ ఒకచోట కూచుని మాట్లాడుకోవాలి. అలాంటి సభ ఊరూరా జరగాలి.

దొంగ చేసిన నేరానికి సొంతదారుకు శిక్ష పడకూడదు. కానీ తాళం వేయని తప్పుకు, తెలిసి అప్పగించిన తప్పుకు, పోయిందని దాచిన తప్పుకు ఎవరైనా జవాబు చెప్పాల్సిందే, ఆ సొంతదారు సర్కారైనా సరే. ఈ ఆదివారం మీ ఇంట్లో ఏ తాళంచెవి ఎవరి చేతిలో ఉందో చూసుకోండి. మీ పేరు మీద ఏమేం నడుస్తున్నాయో లెక్క రాసుకోండి. ఏది పోయినా ఆ పొద్దే ఠాణాకు పోయి చెప్పండి, రసీదు లేకుండా వెనక్కి రాకండి.